రేషియో బాగుంది, ఫ్యాక్టరీ బాగుందా?

బీకాం మొదటి ఏడాదిలోనే ఒక మాట చెప్తారు: కరెంట్ రేషియో 2 ఉంటే కంపెనీ భేషుగ్గా ఉన్నట్టు. ఏడాదిలోపు కట్టాల్సిన ప్రతి రూపాయికీ ఎదురుగా, ఏడాదిలోపు డబ్బుగా మారే ఆస్తి రెండు రూపాయలది ఉందని దాని అర్థం. పరీక్షలో ఈ జవాబుకి మార్కులు పడతాయి. కానీ విశాఖలో గాజువాక, ఆటోనగర్, పరవాడ వైపు చిన్న ఫ్యాక్టరీలు నడిపేవాళ్లని అడిగి చూడండి. కాగితం మీద రేషియో 2 దాటి ఉన్నా, ఏడో తారీఖుకి జీతాలు సర్దలేక టెన్షన్ పడిన నెలల గురించి చెప్తారు. రేషియో అబద్ధం చెప్పలేదు. దాన్ని ఒంటరిగా నిలబెట్టి ప్రశ్న అడగడం వల్ల వచ్చిన చిక్కు ఇది.

వ్యాపారం చేసేవాళ్ల నోట ఎప్పుడూ ఉండే మాట రొటేషన్. "డబ్బు రొటేషన్‌లో ఉంది", "రొటేషన్ ఆగిపోయింది" అంటుంటారు. తయారీ కంపెనీలో రూపాయి ముందు ముడిసరుకుగా మారుతుంది, తర్వాత సగం పనైన సరుకుగా, ఆ తర్వాత తయారైన సరుకుగా, అమ్మాక బాకీగా, చివరికి మళ్లీ రూపాయిగా. ఈ చుట్టు తిరగడానికి ఎన్ని రోజులు పడుతుందో తెలియకుండా లాభం శాతం చూసినా, అప్పుల నిష్పత్తి చూసినా సగమే అర్థమవుతుంది. ఈ వ్యాసంలో నేను గట్టిగా చెప్పదలచుకున్నది ఇదే. లెక్కలతో చూద్దాం.

రెండు యూనిట్ల లెక్క

ఊహకి రెండు ఫ్యాబ్రికేషన్ యూనిట్లు తీసుకుందాం. ఒకటి ఆటోనగర్‌లో, ఇంకోటి పెదగంట్యాడలో. రెండూ పెద్ద ప్లాంట్లకి స్ట్రక్చర్లు, ట్యాంకులు చేసిస్తాయి. రెండింటి టర్నోవర్ ఏడాదికి 12 కోట్లే. ఆటోనగర్ యూనిట్‌కి పన్ను పోను మిగిలింది 48 లక్షలు, అంటే 4 శాతం. పెదగంట్యాడ యూనిట్‌కి 72 లక్షలు, అంటే 6 శాతం. ఇంతవరకు చూసి ఏది మంచిదంటే అందరం పెదగంట్యాడే అంటాం.

కరెంట్ రేషియో కూడా ఆ మాటకే వత్తాసు పలుకుతుంది. ఆటోనగర్‌లో స్వల్పకాల ఆస్తులు 3.6 కోట్లు, స్వల్పకాల అప్పులు 2.7 కోట్లు కాబట్టి రేషియో 1.33. పెదగంట్యాడలో 9 కోట్లకి 4.5 కోట్లు, అంటే సరిగ్గా 2. యజమాని సొంత పెట్టుబడి మీద రాబడి చూసినా అదే వరస. ఆటోనగర్‌లో 3 కోట్ల సొంత డబ్బు మీద 16 శాతం, పెదగంట్యాడలో 4 కోట్ల మీద 18 శాతం. మూడు పోటీల్లోనూ పెదగంట్యాడే గెలిచింది.

ఇప్పుడు ఆ 9 కోట్లు విప్పి చూద్దాం. అందులో 4.2 కోట్లు స్టాక్, 4.5 కోట్లు పార్టీల నుంచి రావాల్సిన బాకీలు, 30 లక్షలు నగదు. ఏడాదికి అమ్మిన సరుకు తయారీ ఖర్చు 8.4 కోట్లయితే, 4.2 కోట్ల స్టాక్ అంటే ఆరు నెలల సరుకు గోడౌన్‌లో పడి ఉన్నట్టు. ఇక 12 కోట్ల అమ్మకాల్లో 4.5 కోట్లు ఇంకా రాలేదంటే, బిల్లు వేశాక డబ్బు రావడానికి 137 రోజులు పడుతోంది. ఆటోనగర్‌లో తయారీ ఖర్చు 9 కోట్లు, స్టాక్ 1.5 కోట్లు, అంటే 61 రోజులు. బాకీలు 1.8 కోట్లు, అంటే 55 రోజులు.

ఇద్దరూ ఏడాదికి 7.3 కోట్ల ముడిసరుకు కొంటారనుకుందాం. సరఫరాదారులకి ఆటోనగర్ యూనిట్ 90 లక్షలు బాకీ ఉంది, అంటే 45 రోజుల అరువు. పెదగంట్యాడ 2 కోట్లు బాకీ, 100 రోజుల అరువు. స్టాక్ రోజులకి బాకీ రోజులు కలిపి, అరువు రోజులు తీసేస్తే చుట్టు కాలం వస్తుంది. ఆటోనగర్‌లో రూపాయి 71 రోజుల్లో తిరిగొస్తోంది. పెదగంట్యాడలో 220 రోజులు.

కరెంట్ రేషియో ఎక్కువగా కనబడింది ఈ 220 రోజుల వల్లే. అమ్ముడుపోని ప్లేట్లు, క్లియర్ కాని బిల్లులు కూడా లెక్కలో ఆస్తులే కదా. డబ్బు ఎంత ఎక్కువగా ఇరుక్కుంటే రేషియో అంత అందంగా కనిపిస్తుంది. అందుకే ఒక ఫ్యాక్టరీ కరెంట్ రేషియో ఏటికేడు పెరుగుతోందంటే సంతోషించే ముందు స్టాక్, బాకీల రోజులు చూడాలి. అవీ పెరుగుతుంటే అది ఆరోగ్యం కాదు, వాపు.

ఇరుక్కున్న డబ్బుకి వడ్డీ కట్టాలి. పెదగంట్యాడ యూనిట్‌కి టర్మ్ లోన్ 3.5 కోట్లు, సీసీ లిమిట్ (రోజువారీ ఖర్చులకి బ్యాంకు ఇచ్చే క్యాష్ క్రెడిట్ అప్పు) 2.5 కోట్లు, మొత్తం 6 కోట్లు. 11 శాతం చొప్పున ఏడాదికి 66 లక్షల వడ్డీ. ఆటోనగర్‌కి అంతా కలిపి 2.1 కోట్ల అప్పు, 23 లక్షల వడ్డీ. పన్ను 25 శాతం అనుకుని వెనక్కి లెక్కేస్తే, వడ్డీ, పన్ను కట్టకముందు లాభం పెదగంట్యాడలో 1.62 కోట్లు, ఆటోనగర్‌లో 87 లక్షలు. వడ్డీకి ఎన్ని రెట్లు లాభం ఉందో చూస్తే పెదగంట్యాడలో సుమారు రెండున్నర, ఆటోనగర్‌లో 3.8. ఏదో ఒక ఏడాది ఆర్డర్లు తగ్గి ఈ లాభం సగానికి పడిపోతే? ఆటోనగర్‌కి ఇంకా 1.9 రెట్లు ఉంటుంది. పెదగంట్యాడకి 1.2. అసలు కంతు కట్టే తారీఖు రాగానే ఆ యూనిట్ చేతులెత్తేయాల్సిందే.

16కి, 18కి మధ్య ఏముంది

మరి సొంత పెట్టుబడి మీద 18 శాతం ఎలా వచ్చింది? పేలుడు పదార్థాల తయారీతో మొదలైన అమెరికా కంపెనీ డ్యూపాంట్‌లో 1910ల్లో డొనాల్డ్‌సన్ బ్రౌన్ అనే ఆయన రాబడిని ముక్కలుగా విడగొట్టే పద్ధతి తెచ్చాడు. తర్వాతి కాలంలో అది మూడు ముక్కల సూత్రంగా స్థిరపడింది. ఇప్పటికీ అంతకంటే సులువైన దారి లేదు. అమ్మకంలో లాభం ఎంత, ఆస్తుల మీద అమ్మకాలు ఎన్ని రెట్లు, సొంత డబ్బుకి ఆస్తులు ఎన్ని రెట్లు. ఈ మూడింటినీ గుణిస్తే రాబడి.

ఆటోనగర్: లాభం 4 శాతం, 6 కోట్ల ఆస్తుల మీద 12 కోట్ల అమ్మకాలు కాబట్టి 2 రెట్లు, 3 కోట్ల సొంత డబ్బుకి 6 కోట్ల ఆస్తులు కాబట్టి మళ్లీ 2. నాలుగు రెళ్లు ఎనిమిది, ఎనిమిది రెళ్లు పదహారు. పెదగంట్యాడ: లాభం 6 శాతం, 12 కోట్ల ఆస్తుల మీద 12 కోట్ల అమ్మకాలు కాబట్టి 1, సొంత డబ్బు 4 కోట్లే కాబట్టి 3. గుణిస్తే 18. ఫ్యాక్టరీ తన ఆస్తులతో సంపాదించింది చూస్తే ఆటోనగర్‌లో 8 శాతం, పెదగంట్యాడలో 6 శాతమే. ఆ పైన కనిపించేది అప్పు మహిమ.

అప్పు తప్పని నేననను. పెట్టుబడి మొత్తం మీద, అంటే సొంత డబ్బు, అప్పు కలిపి, వచ్చే రాబడి వడ్డీ రేటు కంటే ఎక్కువగా ఉన్నంతకాలం అప్పు యజమానికి మేలే చేస్తుంది. పెదగంట్యాడలో అది 16.2 శాతం, వడ్డీ 11. ఇప్పటికి ఫర్వాలేదు. ఆ 16.2 ఎప్పుడు 11 కిందికి జారుతుందో, ఆ రోజు నుంచి అదే అప్పు సొంత డబ్బుని తినడం మొదలుపెడుతుంది. ఆటోనగర్‌ది 17 శాతం, అదీ తక్కువ అప్పుతో.

తక్కువ మార్జిన్‌తో బతకడం ఎలాగో ఆర్కే బీచ్‌లో మురీ మిక్చర్ బండివాడికి బాగా తెలుసు. పొట్లం మీద మిగిలేది కొంచెమే, కానీ పొద్దున పెట్టిన డబ్బు రాత్రికి చేతికొస్తుంది. హెచ్‌పీసీఎల్ విశాఖ రిఫైనరీ లాంటి పెద్ద సంస్థ లెక్కల్లోనూ ఈ సూత్రమే పనిచేస్తుంది. లాభం శాతం సన్నగా, అమ్మకాల పరిమాణం భారీగా ఉంటాయి. పైగా అక్కడ ఇంకో మెలిక ఉంది. ట్యాంకుల్లో ఉన్న ముడి చమురు ధర అంతర్జాతీయంగా పెరిగితే ఏ పనీ చేయకుండానే లాభం కనిపిస్తుంది, పడితే నష్టం కనిపిస్తుంది. ఒక్క త్రైమాసికం మార్జిన్ చూసి రిఫైనరీ పనితీరు మీద తీర్పు ఇవ్వకూడదు.

విశాఖలో ఒక్కో గేటుకి ఒక్కో కొలత

పరిశ్రమ మారితే కొలత మారుతుంది. ఈ సంగతి మన ఊళ్లో తెలిసినంత బాగా ఇంకెక్కడా తెలియదేమో. పరవాడ ఫార్మా సిటీలో మందుల ముడిసరుకు చేసే కంపెనీకి స్టాక్ రోజులు ఎక్కువే ఉంటాయి. ఒక్కో బ్యాచ్ పరీక్షలు దాటి, కాగితాలు పూర్తయ్యాకే బయటికెళ్లాలి, పైగా విదేశీ కొనుగోలుదారుల గడువులు. ఎరువుల ఫ్యాక్టరీ బాకీల్లో రైతుదో డీలరుదో కాక కేంద్రం నుంచి రావాల్సిన సబ్సిడీ కూడా ఉంటుంది. సబ్సిడీ విడుదల ఆలస్యమైతే బాకీ రోజులు పెరుగుతాయి, దానికి ఫ్యాక్టరీలో ఎవరూ బాధ్యులు కారు.

షిప్‌యార్డుది మరీ వేరు. 1948లో నెహ్రూ చేతుల మీదుగా 'జల ఉష'ని నీళ్లలోకి దించిన ఆ యార్డులో అప్పుడూ ఇప్పుడూ ఓడ కట్టడమంటే నెలల పని కాదు, ఏళ్ల పని. కొనేవాళ్లు దశలవారీగా అడ్వాన్సులిస్తారు. ఆ అడ్వాన్సులు లెక్కల్లో అప్పుల వైపు కూర్చుంటాయి. దాంతో ఓడలు కట్టే కంపెనీ కరెంట్ రేషియో తక్కువగా కనబడినా, ఆ 'అప్పు' తీర్చేది డబ్బుతో కాదు, ఓడ అప్పగించి. మన ఫ్యాబ్రికేషన్ యూనిట్‌కి పెట్టిన కొలత అక్కడ పెడితే తప్పు తీర్పు వస్తుంది.

ఇక స్టీల్ ప్లాంట్. ఈ ఊరివాళ్లెవరూ దాని గురించి నిర్లిప్తంగా మాట్లాడలేరు, నేనూ మాట్లాడలేను. అయినా, ఆవేశంతో పాటు లెక్క కూడా తెలిసి మాట్లాడితే మన వాదనకి బలం. ఉక్కు తయారీలో స్థిర ఖర్చులు భారీగా ఉంటాయి. బ్లాస్ట్ ఫర్నేస్ నడిచినా ఆగినా జీతాలు, తరుగుదల, వడ్డీ ఆగవు. విశాఖ ఉక్కు సామర్థ్యం ఏటా 73 లక్షల టన్నులు. ఆ సామర్థ్యానికి విస్తరించడానికి చేసిన అప్పుకి వడ్డీ ప్రతి టన్ను మీదా పడుతుంది. టన్నులు తగ్గితే మిగిలిన టన్నుల మీద ఇంకా ఎక్కువ పడుతుంది. సొంత ఇనుప గనులు లేకపోవడంతో ఖనిజం మార్కెట్ ధరకి కొనాలి. గనులున్న పోటీదారుకి ఖనిజం ధర పెరిగితే లాభం లోపలే ఉంటుంది, ఇక్కడ నేరుగా మార్జిన్‌లో కోత పడుతుంది. అంటే కార్మికుల నైపుణ్యం ఒకటే అయినా రేషియోలు వేరుగా వస్తాయి. మార్జిన్ తక్కువని చూసి పని చేతకాలేదనడం అందుకే అన్యాయం.

2025 జనవరిలో కేంద్రం ప్రకటించిన 11,440 కోట్ల ప్యాకేజీని ఈ కళ్లతో చూడండి. అందులో 10,300 కోట్లు ఈక్విటీ, 1,140 కోట్ల వర్కింగ్ క్యాపిటల్ (రోజువారీ నడక కోసం తీసుకున్న) రుణాన్ని ప్రిఫరెన్స్ షేర్లుగా మార్చడం. ఇది అప్పు, సొంత పెట్టుబడి నిష్పత్తిని మారుస్తుంది, వడ్డీ భారం తగ్గిస్తుంది, సరఫరాదారుల బాకీలు తీర్చే వీలిస్తుంది. కానీ టన్ను ఖర్చునీ, అమ్మకాల వేగాన్నీ దానంతట అది మార్చదు. ఆ రెండూ మారాలంటే ఫర్నేస్‌లు నిండుగా నడవాలి, ఖనిజం, కోకింగ్ బొగ్గు ఆగకుండా రావాలి. ప్యాకేజీ తర్వాత వచ్చే బ్యాలెన్స్ షీట్లలో మొదటి రకం రేషియోలు మెరుగైతే అది ప్రభుత్వ సొమ్ము ప్రభావం. రెండో రకం, అంటే ఆస్తుల మీద అమ్మకాలు, నిర్వహణ లాభం (వడ్డీ, పన్ను కట్టకముందు లాభం) మెరుగైతేనే ప్లాంటు కోలుకుంటున్నట్టు.

యంత్రం పాతబడితే రేషియో కొత్తగా మెరుస్తుంది

దీని గురించి ఎక్కువమంది రాయరు, కానీ తయారీ రంగంలో ఇది పెద్ద ఉచ్చు. యంత్రాల విలువ ఏటా తరుగుదలతో తగ్గుతుంది. పదేళ్లు కొత్త యంత్రం కొనని ఫ్యాక్టరీ ఆస్తుల విలువ లెక్కల్లో బాగా కరిగిపోతుంది. అమ్మకాలు అంతే ఉన్నా, భాగహారంలో కింద అంకె తగ్గింది కాబట్టి ఆస్తుల మీద అమ్మకాలు, పెట్టుబడి మీద రాబడి రెండూ పెరిగినట్టు కనిపిస్తాయి. పక్కన కొత్త మెషీన్ పెట్టినవాడి రేషియో మాత్రం పడిపోతుంది. విశాఖ లాంటి సముద్రపు గాలి ఊళ్లో షెడ్డు, క్రేన్, పైపు ఏదైనా తుప్పుకి త్వరగా లొంగుతుంది. మరమ్మతుల ఖర్చు రెండేళ్లు ఆపేస్తే లాభం చక్కగా పెరుగుతుంది. మూడో ఏడాది పనివాళ్ల ప్రాణాల మీదికి రావచ్చు.

దీన్ని పట్టుకోవడం కష్టమేం కాదు. స్థిరాస్తుల పట్టికలో కొన్న ధర, ఇప్పటిదాకా పోయిన తరుగుదల పక్కపక్కనే ఉంటాయి. కొన్న ధరలో ముప్పావు వంతు తరుగుదల కింద పోయి, కొత్తగా చేరినవి ఏమీ లేకపోతే ఆ కంపెనీ తన యంత్రాలని పిండుకుని బతుకుతోందని అర్థం. మరమ్మతుల ఖర్చు అమ్మకాల్లో ఎంత శాతమో నాలుగైదేళ్లది వరసగా రాసుకుంటే మిగతాది తెలిసిపోతుంది.

అలాగే సంవత్సరం కూడా చూసుకోవాలి. 2014 అక్టోబర్ 12న హుద్‌హుద్ తుఫాను విరుచుకుపడ్డాక నగరంలో రోజుల తరబడి కరెంటు లేదు. 2014-15 లెక్కలని ముందు ఏడాదితో పోల్చి ఇక్కడి యూనిట్ల సామర్థ్యం పడిపోయిందని రాస్తే అది విశ్లేషణ కాదు. తర్వాతి ఏడాది పెరుగుదలని చూసి మురిసిపోవడమూ కాదు. మార్చి 31 అనే తారీఖుతోనూ జాగ్రత్త. ఆ వారం పార్టీల వెంటపడి వసూళ్లు చేసి, కొనుగోళ్లు ఆపి, సీసీ బాకీ తగ్గించి చూపడం మామూలే. బ్యాంకుకి నెలనెలా ఇచ్చే స్టాక్ స్టేట్‌మెంట్లు పన్నెండూ చూస్తే దొరికేంత నిజం బ్యాలెన్స్ షీట్‌లో దొరకదు.

బ్యాంకు కొలతలు ఎక్కడివి

కరెంట్ రేషియోకి బ్యాంకులు చూసే 1.33 అనే అంకె చాలామందికి తెలుసు, ఎందుకో తెలియదు. 1974లో రిజర్వ్ బ్యాంకు వేసిన టాండన్ కమిటీ సూచించిన రెండో పద్ధతిలో, స్వల్పకాల ఆస్తుల్లో పావు వంతు దీర్ఘకాల నిధులతో రావాలి. మిగిలిన ముప్పావు వంతే స్వల్పకాల అప్పు. వందని 75తో భాగిస్తే 1.33. తర్వాత నాయక్ కమిటీ చిన్న యూనిట్లకి ఇంకా సులువు చేసింది: అంచనా టర్నోవర్‌లో 20 శాతం బ్యాంకు, 5 శాతం యజమాని. మొత్తం 25 శాతం, అంటే చుట్టు కాలం మూడు నెలలని అనుకున్నారన్నమాట. మన ఆటోనగర్ యూనిట్ 71 రోజులతో ఇందులో ఇమిడిపోతుంది. 220 రోజుల పెదగంట్యాడకి ఈ లిమిట్ ఏ మూలకీ చాలదు. "బ్యాంకు సరిపడా ఇవ్వడం లేదు" అనే ఫిర్యాదు చాలాసార్లు నిజమే, కానీ దాని మూలం స్టాక్ షెడ్డులోనో క్లియర్ కాని బిల్లులోనో ఉంటుంది.

రేషియోలతో భవిష్యత్తు చెప్పవచ్చా అంటే కొంతవరకు. 1968లో ఎడ్వర్డ్ ఆల్ట్‌మన్ 66 అమెరికా తయారీ కంపెనీలని, సగం దివాలా తీసినవి, సగం నిలబడినవి, తీసుకుని ఐదు రేషియోలతో ఒక స్కోరు తయారుచేశాడు. 1.81 కంటే తక్కువైతే ప్రమాదం, 2.99 దాటితే క్షేమం. ఆ ఐదింటిలో ఎక్కువ తూకం దక్కింది ఆస్తుల మీద నిర్వహణ లాభానికి. ఉపయోగమే, కానీ అసలు సూత్రానికి షేరు మార్కెట్ విలువ కావాలి, మన ఆటోనగర్ యూనిట్లకి అది లేదు.

ఆంధ్రా యూనివర్సిటీలో ఎంకాం, ఎంబీఏ ప్రాజెక్టులు చేసే పిల్లలకి ఒక మాట. రేషియోకీ లాభానికీ సంబంధం దొరకగానే ఇది అందుకు కారణమని రాసేయకండి. 2003లో మార్క్ డెలూఫ్ వెయ్యికి పైగా బెల్జియం కంపెనీల లెక్కలు పరిశీలిస్తే, సరఫరాదారులకి ఆలస్యంగా చెల్లించే కంపెనీల లాభం తక్కువగా కనిపించింది. ఆలస్యంగా కడితే డబ్బు చేతిలో ఉంటుంది కదా, లాభం పెరగాలి. ఆయన వివరణ ఏమిటంటే, లాభం తక్కువున్న కంపెనీయే బిల్లులు కట్టలేక ఆలస్యం చేస్తోంది. కారణం, ఫలితం తలకిందులుగా ఉన్నాయి.

2021 ఏప్రిల్ నుంచి కంపెనీల చట్టం షెడ్యూల్ 3 కింద కంపెనీలు 11 రేషియోలు లెక్కల నోట్స్‌లో ఇవ్వాలి. ముందు ఏడాదితో పోలిస్తే 25 శాతం మించి మారితే కారణం రాయాలి. ఆ కారణాలు చదవండి. "అమ్మకాలు పెరిగినందువల్ల" అని ఒక్క ముక్కతో సరిపెట్టిన కంపెనీకీ, ఏ ఆర్డర్, ఏ బాకీ అని వివరంగా రాసిన కంపెనీకీ తేడా వెంటనే తెలుస్తుంది. అదే నోట్స్‌లో సూక్ష్మ, చిన్న సంస్థలకి ఇవ్వాల్సిన బాకీలు, ఎన్నాళ్లుగా ఉన్నాయో వయసు పట్టిక కూడా ఉంటుంది.

పెద్ద కంపెనీ పుస్తకంలో చెల్లింపు రోజులు పెరిగాయంటే దాని రొటేషన్ మెరుగైనట్టు కనిపిస్తుంది. ఆ పెరిగిన రోజులు గాలిలోంచి రాలేదు. గాజువాకలో ఎవరి బాకీ రోజులో అన్ని పెరిగాయి. ఆ యూనిట్‌వాళ్లు ఉద్యమ్ రిజిస్ట్రేషన్ ఉన్న సూక్ష్మ, చిన్న తయారీదారులైతే, 2006 నాటి ఎంఎస్ఎంఈ చట్టం ప్రకారం ఒప్పందం ఉన్నా 45 రోజులు దాటకుండా డబ్బు రావాలి. దాటితే రిజర్వ్ బ్యాంకు బ్యాంక్ రేటుకి మూడు రెట్ల చక్రవడ్డీ అడగవచ్చు, ఫెసిలిటేషన్ కౌన్సిల్‌లో కేసు వేయవచ్చు. 2023-24 ఆర్థిక సంవత్సరం నుంచి, గడువులోగా కట్టకపోతే కొన్న కంపెనీకి ఆ ఖర్చు మీద పన్ను మినహాయింపు కట్టే ఏడాదికి గానీ దొరకదు. 250 కోట్ల టర్నోవర్ దాటిన కంపెనీలు ట్రెడ్స్ వేదికల్లో చేరాలి. అక్కడ కొనుగోలుదారు ఒప్పుకున్న బిల్లుని బ్యాంకులకి డిస్కౌంట్ చేసి డబ్బు ముందే తీసుకోవచ్చు. 137 రోజుల బాకీ ఉన్న యూనిట్ ఇంకో టర్మ్ లోన్‌కి అప్లికేషన్ పెట్టేకంటే ముందు, ఆ 4.5 కోట్లలో ట్రెడ్స్‌కి వెళ్లగల బిల్లులు ఎన్ని, 45 రోజులు దాటినవి ఎన్ని అని రెండు కాలమ్‌లుగా రాసుకోవాలి.